డిజిటల్ కలం కొనేముందు కాగితం సంగతి

కాగితం మీద రాసిన రాతను కంప్యూటర్లోకి పంపే డిజిటల్ కలంతో పాటు ఒక నోటుపుస్తకం వస్తుంది. శ్రీకాకుళంలో ఏ జిరాక్స్ షాపులోనైనా అందులోని ఖాళీ పేజీ ఒకటిచ్చి యాభై కాపీలు తీయించుకోవచ్చు. కాపీలు చూడ్డానికి అచ్చం అసలు పేజీలాగే ఉంటాయి. కలం వాటి మీద హాయిగా రాస్తుంది. కంప్యూటర్లో చూస్తే మాత్రం మామూలుగా ఒక్క గీత కూడా ఉండదు. కాపీ మరీ నాణ్యంగా వచ్చి కలం దాన్ని చదవగలిగిందా, అది ఇంకా పెద్ద చిక్కు. యాభై కాగితాల మీద రాసినదంతా ఒకే పేజీలో ఒకదానిమీదొకటి పడి, పిల్లాడు గీకేసిన పలకలా తయారవుతుంది. ఈ రెండు తేడాలూ ఎందుకొస్తాయో తెలిస్తే డిజిటల్ కలం సగం అర్థమైనట్టే. మిగతా సగం తెలుగు ఒత్తుల దగ్గరుంది.

ఈ కలాలను అమ్మేవాళ్ల మాటలు వింటే, కాగితం మీద రాసింది రాసినట్టు కంప్యూటర్లో టైపయి కూర్చుంటుందనిపిస్తుంది. లోపల జరిగేవి మూడు వేర్వేరు పనులు. కలం కదలికను పట్టుకోవడం ఒకటి. ఆ గీతలను గీతలుగానే దాచడం రెండోది. గీతల్లోంచి అక్షరాలను పోల్చుకుని టైపు పాఠంగా మార్చడం మూడోది. మొదటి రెండు పనులూ ఇరవై ఏళ్ల కిందటే బాగా కుదిరాయి. మూడోది ఇంగ్లిషుకు చాలావరకు కుదిరింది, తెలుగుకు అరకొరగానే ఉంది. కొనేవాళ్లు ఈ మూడింట్లో దేనికోసం డబ్బు పెడుతున్నారో ముందే తేల్చుకోవాలి.

చుక్కలే చిరునామా

కలం తాను కాగితం మీద ఎక్కడుందో ఎలా తెలుసుకుంటుంది? ఎక్కువ వాడుకలో ఉన్న పద్ధతి స్వీడన్‌లోని లుండ్ నగరానికి చెందిన ఆనోటో కంపెనీది. ఆ పద్ధతితో 2002లో లాజిటెక్ ఒక కలం తెచ్చింది. 2008లో లైవ్‌స్క్రైబ్ అనే కంపెనీ పల్స్ కలం వచ్చింది, 2010లో దాని ఎకో వచ్చింది. 2015లో లైవ్‌స్క్రైబ్‌ను ఆనోటోయే కొనేసుకుంది.

వీటి కాగితాన్ని కాస్త దూరంగా పెట్టి చూస్తే లేత బూడిదరంగు పూసినట్టుంటుంది. భూతద్దం పెడితే సన్నని చుక్కలు కనిపిస్తాయి. కంటికి కనిపించని గళ్లను 0.3 మిల్లీమీటర్ల దూరంలో ఊహించుకోండి. ప్రతి కూడలి దగ్గరా ఒక చుక్క. కాని చుక్క సరిగ్గా కూడలి మీద ఉండదు. పైకో, కిందికో, ఎడమకో, కుడికో వెంట్రుకవాసి జరిగి ఉంటుంది. అంటే ఒక్కో చుక్క నాలుగు సంగతుల్లో ఒకటి చెబుతుంది. అడ్డం ఆరు, నిలువు ఆరు, మొత్తం 36 చుక్కలు కలిస్తే వచ్చే అమరికలు ఎన్ని? నాలుగును 36 సార్లు హెచ్చవేస్తే 22 అంకెల సంఖ్య. అందుకే ఏ పుస్తకంలో, ఏ పేజీలో, ఏ మూల తీసుకున్నా ఆ 36 చుక్కల అమరిక మరోచోట రాకుండా చూసుకోవడం సాధ్యమైంది. మన చూపుడువేలి గోటిమీద పట్టేంత జాగాలో ఇలాంటి చిరునామాలు బోలెడు.

నిబ్బు పక్కనే కంటికి కనిపించని కాంతినిచ్చే ఇన్‌ఫ్రారెడ్ దీపం, చిన్న కెమెరా ఉంటాయి. నిబ్బు కాగితానికి తగలగానే లోపలున్న ఒత్తిడి సెన్సరు కెమెరాను లేపుతుంది. అది సెకనుకు 70కి పైగా ఫొటోలు తీస్తూ ప్రతి ఫొటోలోని చుక్కలను చదివి, స్థానాన్ని, సమయాన్ని, ఒత్తిడిని నమోదు చేస్తుంది. కలం అక్షరాన్ని చూడదు; నిబ్బు నడిచిన దారిని మాత్రమే చూస్తుంది.

కొరియాకు చెందిన నియోల్యాబ్ కలాలదీ ఇదే సూత్రం. చుక్కల అమరిక మాత్రం వేరు, దాన్ని ఎన్‌కోడ్ అంటారు. ఒక కంపెనీ కలం మరో కంపెనీ చుక్కలను చదవలేదు. తక్కువ ధరకు దొరికిందని వేరే కంపెనీ పుస్తకం కొంటే అది మామూలు తెల్లకాగితాల పుస్తకంగానే పనికొస్తుంది, అదీ కొంచెం ఖరీదైన తెల్లకాగితాల పుస్తకంగా.

ఇప్పుడు జిరాక్స్ సంగతికి వద్దాం. అంగుళానికి 600 బిందువులు వేసే (600 డీపీఐ) యంత్రంలో ఒక్కో బిందువు వెడల్పు సుమారు 42 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). చుక్క తన కూడలి నుంచి జరిగే దూరమూ దాదాపు అంతే, 50 మైక్రాన్ల దరిదాపు. కాపీ తీసేటప్పుడు అద్దం మీద కాగితం రవ్వంత వంకరగా పడినా, యంత్రం ఒక శాతం పెద్దదో చిన్నదో చేసినా, చుక్క ఎటు జరిగిందో తెలియకుండా పోతుంది. ఏమీ నమోదు కాకపోవడానికి కారణం అదే. ఒకవేళ చుక్కలు చెడకుండా వచ్చినా యాభై కాపీల మీదా ఉండేది ఒకే చిరునామా. యాభై ఇళ్లకు ఒకే డోరు నంబరు వేస్తే ఉత్తరాలన్నీ ఒకే గుమ్మంలో పడ్డట్టు, రాతంతా ఒకే పేజీలోకి పోతుంది.

కొత్త పుస్తకంతోనూ ఇదే తంటా ఉంటుందని చాలామందికి తట్టదు. ప్రతి పుస్తకానికీ వేరే అమరిక సాధ్యమే అయినా, ఒకే రకం నోటుపుస్తకాలకు అదే చుక్కల వరుస మళ్లీ అచ్చేస్తారు. పాతది నిండాక అదే రకం రెండోది తెరిచి మొదటి పేజీలో రాస్తే, కలం దాన్ని పాత పుస్తకం మొదటి పేజీగానే లెక్కవేస్తుంది. పాత రాత మీద కొత్త రాత పడుతుంది. కొత్త పుస్తకంలో ఒక్క గీతైనా గీయకముందే కలంతో వచ్చే ప్రోగ్రాములో పాత పుస్తకాన్ని ‘ఆర్కైవ్’ చేసెయ్యాలి, అంటే పాతదిగా పక్కన దాచెయ్యాలి. లైవ్‌స్క్రైబ్ తన పుస్తకాలకు అట్టమీద అంకెలు వేసింది ఇందుకే. ఒకేసారి రెండు సబ్జెక్టులకు రెండు పుస్తకాలు వాడాలనుకుంటే వేర్వేరు అంకెలున్నవి తీసుకోవాలి.

సిరా, రీఫిల్లు, వైట్‌నర్

చుక్కలను కార్బన్ ఉన్న నల్ల సిరాతో అచ్చేస్తారు. కార్బన్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి చుక్కలు కెమెరాకు నల్లగా కనిపిస్తాయి. కలంలోని రీఫిల్లు సిరాలో కార్బన్ ఉండకూడదు. రంగు కంటికి కనిపించాలి, కెమెరాకు కనిపించకూడదు. అలా ఉంటేనే ఒకసారి రాసిన చోట మళ్లీ దిద్దినా కింది చుక్కలు చదవడానికి వీలవుతుంది.

దీన్నిబట్టి రోజువారీ ఇబ్బందులు చాలావరకు ముందే పోల్చుకోవచ్చు. పెన్సిలులో ఉండేది గ్రాఫైటు, అదీ కార్బనే. పెన్సిలుతో ముందు బొమ్మ గీసుకుని దానిమీద కలంతో దిద్దే అలవాటున్న జువాలజీ విద్యార్థుల బొమ్మల్లో అక్కడక్కడా గీతలు తెగిపోతాయి. వైట్‌నర్ పూస్తే చుక్కలు కప్పబడిపోతాయి. దానిమీద రాసిన మాట కాగితం మీద ఉంటుంది, కంప్యూటర్లో ఉండదు. అదే సమయంలో కొట్టేసిన పాత మాట మాత్రం కంప్యూటర్లో భద్రంగా ఉంటుంది! తప్పు రాస్తే అడ్డగీత కొట్టి పక్కన రాయడమే మేలు. హైలైటరుతో ఇబ్బంది లేదు, దాని రంగుల్లో కార్బన్ ఉండదు.

ఈ కలాల్లో చాలావాటికి డీ1 అనే పొట్టి రీఫిల్లు పడుతుంది. పొడవు 67 మిల్లీమీటర్లు, లావు రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. పల్లెలో మామూలు కిరాణా కొట్టులో దొరికే పొడుగు రీఫిల్లు ఇందులో పట్టదు. దాన్ని కత్తిరించి దూర్చే ప్రయత్నం చేయకూడదు. ఒత్తిడి సెన్సరు రీఫిల్లు వెనక చివరన ఉంటుంది. కత్తిరించిన చివర దానికి సమంగా ఆనకపోతే రెండే జరుగుతాయి. తేలిగ్గా రాసిన గీతలు నమోదు కాకపోవడం ఒకటి. కలం ఎత్తినా ఎత్తనట్టే భావించి మాటకూ మాటకూ మధ్య గీత లాగేయడం రెండోది. కొత్త రీఫిల్లు వేశాక ఇలాంటి తీగలు కనిపిస్తే ముందు రీఫిల్లు బయటకు తీసి, మళ్లీ చివరిదాకా నొక్కి చూడాలి. చాలాసార్లు రోగం అక్కడే కుదురుతుంది.

బజార్లో దొరికిన డీ1 రీఫిల్లు సిరాలో కార్బన్ ఉందో లేదో తేల్చడానికి చిన్న పరీక్ష ఉంది. చుక్కల కాగితం మీద ఆ రీఫిల్లుతో రూపాయి బిళ్లంత జాగాను చిక్కగా నింపాలి. కలంతో వచ్చిన అసలు రీఫిల్లును మళ్లీ వేసి, ఆ నల్లని మచ్చ మీద ‘అమ్మ’ అని రాయాలి. కంప్యూటర్లో ‘అమ్మ’ పూర్తిగా వస్తే బజారు రీఫిల్లు నిశ్చింతగా వాడుకోవచ్చు. ముక్కలుగా వస్తే ఆ రీఫిల్లు పక్కన పడేయాల్సిందే.

చుక్కల పేజీలను సొంతంగా అచ్చేసుకునే సౌకర్యాన్ని కొన్ని కంపెనీలు ఇస్తాయి. పీడీఎఫ్‌ను నేరుగా లేజర్ ప్రింటరుకు పంపాలి. ప్రింటు సెట్టింగుల్లో ‘ఫిట్ టు పేజ్’ తీసేసి, సైజు నూరు శాతం పెట్టాలి. టోనరు (ప్రింటరులోని పొడి సిరా) ఆదా చేసే అమరిక ఆపాలి. ఇంక్‌జెట్‌తో ఈ పని జరగదు. దాని సిరా కాగితంలోకి కొంచెం పాకుతుంది, పైగా కొన్ని ఇంక్‌జెట్ నల్ల సిరాలు కెమెరాకు అసలు కనిపించవు. ఆ పేజీ మీద గీతలో, శీర్షికలో కూడా కావాలంటే వాటిని నల్లటోనరుతో కాకుండా మూడు రంగులు కలిపిన ముదురు రంగుతో అచ్చేయాలి. లేకపోతే ఆ గీత దాటిన ప్రతిసారీ కలానికి ఒక క్షణం గుడ్డితనం.

మిగతా రకాలు

చుక్కల కాగితం గొడవే వద్దనుకునేవారికి రెండు దారులున్నాయి.

మొదటిది శబ్దం మీద నడిచేది. పుస్తకం పై అంచుకు ఒక రిసీవరు తగిలిస్తారు. కలం ఒకేసారి ఒక ఇన్‌ఫ్రారెడ్ మెరుపును, చెవికి వినిపించని ఒక శబ్దాన్ని వదులుతుంది. మెరుపు తక్షణం చేరుతుంది, శబ్దం కొంచెం ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యాన్ని బట్టి దూరం తెలుస్తుంది. రిసీవరులో రెండు మైకులుంటాయి కాబట్టి రెండు దూరాలు కలిపి స్థానం లెక్కకడతారు. 2011లో వాకమ్ తెచ్చిన ఇంక్లింగ్ ఈ జాతిదే. ఎలాంటి కాగితమైనా సరిపోవడం ఇందులో సుఖం. కాని మన వేసవికి, మన సీలింగు ఫ్యాన్లకు ఇది అంతగా ఒప్పదు. గాలిలో శబ్దవేగం 25 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 346 మీటర్లు, 38 డిగ్రీల దగ్గర 354. యంత్రం ఆ తేడాను సరిదిద్దుకోకపోతే 20 సెంటీమీటర్ల దూరంలో నాలుగు మిల్లీమీటర్లకు పైగా కుదింపు వస్తుంది. పేజీ అంతా ఒకే లెక్కన కుదించుకుంటుంది కాబట్టి రాత చదవడానికి అడ్డం ఉండదు. ఫ్యాన్ గాలి అలా కాదు. అది ఒకసారి ఎటు, మరోసారి ఎటు వీస్తుందో చెప్పలేం. సెకనుకు రెండు మీటర్ల గాలి కూడా అదే దూరంలో ఒక మిల్లీమీటరు అటూఇటూ లాగగలదు. అందులో రాసిన ‘డ’ను ‘ఢ’గా పొరబడడానికి ఆ మిల్లీమీటరు చాలు. రిసీవరుకూ నిబ్బుకూ మధ్య వేళ్లు అడ్డం వచ్చినా, పుస్తకం కదిలి రిసీవరు జరిగినా కథ మొదటికొస్తుంది. పేజీ తిప్పినప్పుడల్లా మీట నొక్కడం మరవకూడదు.

రెండోది అట్టమీద నడిచేది. మన పరీక్ష ప్యాడ్ లాంటి పలక లోపల రాగితీగల చుట్లు ఉంటాయి. అవి వదిలే విద్యుదయస్కాంత తరంగాలకు కలంలోని చుట్ట బదులు పలుకుతుంది. వాకమ్ 2016లో తెచ్చిన బ్యాంబూ స్లేట్ ఇలాంటిదే. మామూలు కాగితాల పుస్తకాన్నే దానిమీద పెట్టి రాయొచ్చు, ఏడెనిమిది మిల్లీమీటర్ల మందం వరకు పట్టించుకోదు. ఫ్యాన్ గాలితో, ఎండతో దీనికి పనిలేదు. ఇనప బల్ల మీద పెడితే, అయస్కాంతపు మూత ఉన్న ఫోను కవరు పక్కన పెడితే గీతలు వంకరపోవచ్చు. ఇక్కడా పేజీ మార్చినప్పుడు మీట నొక్కాల్సిందే. పుస్తకాన్ని పలక మీద మొదట ఎలా పెట్టామో చివరిదాకా అలాగే ఉంచాలి. రోజుకు పది పదిహేను పేజీలు రాస్తూ, మీట నొక్కే క్రమశిక్షణ ఉన్నవాళ్లకు చుక్కల పుస్తకం కన్నా ఇదే చవక.

తుడిచి మళ్లీ రాసే ప్లాస్టిక్ పేజీల పుస్తకాలు కూడా ఈ వరసలోనే అమ్ముతున్నారు. వాటిలో కలం తెలివైనది కాదు; రాశాక ఫోనుతో ఫొటో తీయాలి. వాడే ఫ్రిక్షన్ సిరా సుమారు 60 డిగ్రీల వేడికి రంగు పోయి పారదర్శకమవుతుంది. మే నెలలో విజయనగరం కోట పక్కన ఎండలో కారు నిలిపి, డ్యాష్‌బోర్డు మీద ఆ పుస్తకం వదిలేస్తే సాయంత్రానికి పేజీలు ఖాళీ. కంగారు పడక్కర్లేదు. పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒక రాత్రి ఫ్రీజరులో పెడితే, సున్నాకు పది ఇరవై డిగ్రీల దిగువన ఆ రాత చాలావరకు తిరిగొస్తుంది. ఇదే కారణంగా చెక్కులు, దరఖాస్తులు, సంతకాలు ఆ సిరాతో పెట్టకూడదు.

సంతకం మాట వచ్చింది కాబట్టి ఒక అపోహ. డిజిటల్ కలంతో పెట్టిన సంతకం డిజిటల్ సంతకం కాదు. 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం డిజిటల్ సంతకమంటే లైసెన్సున్న సర్టిఫయింగ్ అథారిటీ ఇచ్చిన ధ్రువపత్రంతో చేసేది. కలం పట్టుకున్నది సంతకం బొమ్మను మాత్రమే.

తెలుగు దగ్గర తడబాటు

కలం పంపిన గీతల్లో క్రమం ఉంటుంది. ఏ గీత ముందు గీశారో, ఏది తర్వాతో తెలుస్తుంది. ఇంగ్లిషు అక్షరాలను పోల్చే ప్రోగ్రాములు ఈ క్రమం మీదే ఆధారపడి బాగుపడ్డాయి. ఎడమ నుంచి కుడికి ఒక వరుసలో సాగే లిపికి అది బాగా సరిపోయింది. తెలుగు అలా సాగదు.

‘శ్రీకాకుళం’ అనే మాటే తీసుకుందాం. ముందు ‘శ’ రూపం, పైన గుడి దీర్ఘం, ఆ తర్వాత చేయి వెనక్కి తిరిగి కింద క్రావడి చుట్టుకొస్తుంది. కొందరు క్రావడిని ముందే చుట్టి లోపల అక్షరం రాస్తారు. ఇంకొందరు మాటంతా పూర్తిచేసి, వెనక్కి వచ్చి ఒత్తులు, తలకట్లు పెడతారు. గీతల కాలక్రమం వేరు, కాగితం మీద వాటి స్థానం వేరు. యంత్రం రెండింటినీ కలిపి లెక్కవేయాలి. ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’ వంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తు కూడా ఉంటుంది.

లెక్కలోనూ తేడా ఉంది. ఇంగ్లిషుకు పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలు. హెచ్‌పీ ల్యాబ్స్ ఇండియా తెలుగు చేతిరాత నమూనాలు సేకరించినప్పుడు విడి చిహ్నాలుగానే 166 ఎంచుకోవలసి వచ్చింది. గుణింతాలు, ఒత్తులు కలిస్తే వచ్చే రూపాలు వేలల్లోకి పోతాయి.

అన్నిటికన్నా బాధపెట్టేది చిన్న గీత. ద-ధ, డ-ఢ, బ-భ, ప-ఫ, చ-ఛ జంటల్లో తేడా అంతా కింది పొట్టిగీత ఒక్కటే. ర-ఠ, ధ-థ మధ్య తేడా లోపలి చుక్క. వేగంగా రాసేటప్పుడు ఆ చుక్కను నిబ్బు అలా తాకి వెళ్లిపోతుంది. సెకనుకు 75 ఫొటోలంటే ఒక్కోదానికి 13 మిల్లీసెకన్లు. చుక్క పెట్టే స్పర్శకు దొరికేవి మూడో నాలుగో ఫొటోలు. ఒత్తిడి చాలక సెన్సరు మేలుకోకపోతే అవీ ఉండవు. కాగితం మీద ‘థ’ నిక్షేపంగా ఉంటుంది, ఫైలులో ‘ధ’ ఉంటుంది. ఇది అక్షరాలు పోల్చే ప్రోగ్రాము తప్పు కాదు. దానికి చేరిన గీతల్లోనే చుక్క లేదు. చుక్క బదులు చిన్న గీత గీయడం అలవాటు చేసుకుంటే ఈ నష్టం చాలా తగ్గుతుంది.

రూళ్ల పుస్తకంలో ఒక లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. ఏ గీత ఏ వరుసదో ప్రోగ్రాముకు తెలియదు. లైను విడిచి లైను రాయాలి. ఇంకో సమస్య కోచింగ్ నోట్సుది. మన పిల్లలు తెలుగు వాక్యంలో ‘ఫెడరలిజం’, ‘జీడీపీ’ వంటివి ఇంగ్లిషు అక్షరాలతోనే రాసుకుంటారు. పోల్చే ప్రోగ్రాములు సాధారణంగా ఒకసారికి ఒక భాషనే అడుగుతాయి. తెలుగు ఎంచితే ఇంగ్లిషు మాట గందరగోళమవుతుంది, ఇంగ్లిషు ఎంచితే వాక్యమంతా పోతుంది. మార్పిడి కావాలనుకునే పేజీల్లో ఇంగ్లిషు మాటను తెలుగు లిపిలోనే రాసుకోవడం తప్ప ప్రస్తుతానికి మార్గం లేదు.

తెలుగు చేతిరాతను పోల్చే ఇంజన్లు లేకపోలేదు. గూగుల్ 2015లో విడుదల చేసిన హ్యాండ్‌రైటింగ్ ఇన్‌పుట్ 82 భాషల్లో తెలుగు ఉంది. కాని అది ఫోను తెరమీద వేలితో రాసేది. కాగితం మీది కలానికి, ఆ ఇంజనుకు మధ్య వంతెన వేసే బాధ్యత కలం కంపెనీ యాప్‌ది. యాప్ భాషల జాబితాలో ‘తెలుగు’ ఉందా? ఉంటే అది మెనూల భాషా, చేతిరాత పోల్చే భాషా? పెట్టె మీద రాసిన భాషల సంఖ్య చూసి మోసపోయేది ఇక్కడే.

మార్పిడి లేకపోయినా నిలిచేది

తెలుగు పాఠంగా మారకపోతే కలం దండగా? విజయనగరంలోని సంగీత కళాశాల లాంటి చోటును ఊహిస్తే సమాధానం తేలిగ్గా దొరుకుతుంది. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలుగా నడిచిన కళాశాల అది. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ చెప్పిన చోటు. స్వరలిపిని టైపు పాఠంగా మార్చే ప్రోగ్రాము అక్కడి విద్యార్థికి అక్కర్లేదు. గురువు పాడిన సంగతి ఏ స్వరం దగ్గర మలుపు తిరిగిందో మళ్లీ వినడం కావాలి.

లైవ్‌స్క్రైబ్ పల్స్, ఎకో వంటి కలాల్లో మైకు కూడా ఉంటుంది. ప్రతి గీతకూ సమయం నమోదవుతుంది కాబట్టి ఇంటికెళ్లాక కాగితం మీద ఆ స్వరాన్ని నిబ్బుతో తడితే, ఆ గీత గీసిన క్షణంలో వినిపించిన పాట మొదలవుతుంది. గంట రికార్డింగులో వెనక్కీ ముందుకీ వెతుక్కునే పని ఉండదు. కొన్ని మెళకువలు పాటించాలి. విన్నాక రాస్తాం కాబట్టి గీత ఎప్పుడూ పాట కన్నా రెండు మూడు సెకన్లు వెనక ఉంటుంది. ప్రోగ్రాములో కొద్ది సెకన్లు వెనక్కి జరిపే అమరిక ఉంటే పెట్టుకోవాలి, లేకపోతే రెండు స్వరాల ముందు తట్టాలి. తారస్థాయికి పైన, మంద్రానికి కింద పెట్టే చుక్కల విషయంలో ‘థ’ చుక్క కష్టమే ఉంటుంది. రెండో కాలానికి పైన గీసే గీతను ఒకే లాగుడులో గీయాలి. కలం మైకు చేతికి దగ్గర, పాడేవారికి దూరం. నిబ్బు గరగర, బల్ల చప్పుడు తంబురా శ్రుతిని మింగేస్తాయి. కింద నాలుగు మడతల గుడ్డ వేసుకుంటే తగ్గుతుంది. పాఠం రికార్డు చేసేముందు గురువును అడగడం మర్యాద కూడా, అవసరం కూడా.

భాషల పనికీ ఇదే తీరు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, సవర మాటలను చెవితో పట్టి కాగితం మీద పెట్టడానికి ఏళ్ల తరబడి శ్రమించారు. ఈరోజు సీతంపేట కొండల్లో సవర పదాలు సేకరించేవాళ్లు తెలుగు లిపిలో మాట రాసుకుని, దానిమీద తట్టి చెప్పినవారి గొంతే వినొచ్చు. మాట మధ్యలో గొంతు నొక్కి ఆపే పలుకును తెలుగు లిపి చూపలేదు. ఆ లోటును ధ్వని పూరిస్తుంది.

పల్స్, ఎకోల్లో 2 జీబీ కలం రెండు వందల గంటలకు పైగా రికార్డు చేస్తుందని కంపెనీ లెక్క, అంటే గంటకు పది ఎంబీ. గీతలకు అంత కూడా పట్టదు. 90 ఎంబీలో వెయ్యి పేజీలు పట్టే కలాలున్నాయి, పేజీకి 90 కేబీ. అదే పేజీని ఫోనుతో ఫొటో తీస్తే రెండు మూడు ఎంబీలు.

కాగితం లెక్క, కరెంటు లెక్క

గ్రూప్స్‌కో, డీఎస్సీకో చదివేవాళ్లు రోజుకు పదిహేను పేజీల రన్నింగ్ నోట్స్ రాస్తారనుకుందాం. రెండు వందల పేజీల పుస్తకం పదమూడు రోజుల్లో అయిపోతుంది. ఏడాదికి 27 పుస్తకాలు. లాంగ్ బుక్కయితే ఇది పెద్ద ఖర్చు కాదు, వీధి చివర దొరుకుతుంది. చుక్కల పుస్తకం ధర దానికి ఎన్నో రెట్లు, పైగా ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. పరీక్షకు పది రోజుల ముందు పుస్తకం నిండిపోతే కలం పెట్టెలోకే. ఇలాంటివారు మామూలు పుస్తకంలో రాసుకుని, గూగుల్ డ్రైవ్‌లోని స్కాన్ మీటతో రోజుకోసారి పేజీలు తీసి పీడీఎఫ్ చేసుకుంటే చాలు. కిటికీ పక్కన, ఫోను నీడ పడకుండా తీయాలి. పదిహేను పేజీలకు పట్టేది ఐదు నిమిషాలు. డిజిటల్ కలం నప్పేది తక్కువ పేజీలు, ఎక్కువ విలువ ఉన్న రాతకు: పాఠంతో పాటు ధ్వని కావలసినవారికి, సమావేశాల మినిట్స్ రాసేవారికి, బొమ్మ గీసిన క్రమం కూడా చూపించాల్సిన ఉపాధ్యాయులకు.

ఈ తీర జిల్లాల్లో కరెంటు, నెట్టు సంగతి కూడా చూడాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు, సెల్ సిగ్నల్ లేవు. రాతను కలం లోపలే దాచుకుని, తర్వాత పంపేవి అలాంటప్పుడు నమ్మదగినవి. పక్కన యాప్ తెరిచి ఉంటేనే పూర్తిగా పనిచేసేవి, నెట్టులోని ఖాతాలోకి మాత్రమే పంపేవి కావు. లైవ్‌స్క్రైబ్ 2012లో తెచ్చిన స్కై కలం వైఫై ద్వారా ఎవర్‌నోట్ అనే నెట్టు నోట్సు సేవలోని ఖాతాలోకి పంపేది. రాత తనదే అయినా అది ఎప్పుడు చేతికొస్తుందో నెట్టు చెప్పాలి.

కంపెనీలు మోడళ్లను ఆపేస్తాయి. ఇంక్లింగ్ కూడా అలాగే ఆగిపోయింది. దాని ఫైళ్లు తెరవడానికి దాని ప్రోగ్రామే కావాలి. నెలకోసారి అన్ని పుస్తకాలనూ పీడీఎఫ్‌గా ఎగుమతి చేసి, ధ్వనిని విడిగా దాచి, పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రతి ఉంచాలి. గీతలు గీతలుగానే మిగలాలంటే ఎస్‌వీజీ గానీ, 2011లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించిన ఇంక్ఎంఎల్ గానీ ఫైలు రకంగా ఎంచుకోవాలి. ఈ ఎగుమతి సౌకర్యం లేని కలాన్ని ఎంత తగ్గింపు ధరకిచ్చినా కొనకూడదు.

కలం చేతికొచ్చిన రోజే

వాపసు గడువు వారం పది రోజులే ఉంటుంది కాబట్టి పరీక్ష మొదటిరోజే పెట్టాలి. పూర్తిగా ఛార్జి చేసి, యాప్‌తో గడియారం సరిచూసి, కొత్త పుస్తకం మొదటి పేజీలో ఈ పది మాటలు మీ మామూలు వేగంతో, లైను విడిచి లైను రాయండి: శ్రీకాకుళం, విజయనగరం, ధర్మం, థర్మామీటరు, ఠీవి, ఢంకా, భద్రం, ఫలితం, రాష్ట్రం, స్వాతంత్ర్యం. తర్వాత పేజీ నాలుగు మూలల్లోనూ అంచుకు ఆనించి ఒక్కో గుండ్రం గీయండి. అంచున కెమెరా చూపు కాగితం దాటి పోతుంది కాబట్టి ఎంత మార్జిన్ వదలాలో అక్కడే తేలుతుంది. కలాన్ని బాగా పడుకోబెట్టి ఒక లైను, నిలబెట్టి ఒక లైను రాయండి.

కంప్యూటర్లోకి పంపి, ముందు గీతల బొమ్మను కాగితంతో పోల్చండి. చుక్కలు, పొట్టిగీతలు రాలిపోయి ఉంటే రీఫిల్లు నొక్కి, కెమెరా కిటికీని పొడి దూదిపుల్లతో తుడిచి మళ్లీ రాయండి. బొమ్మ సరిగ్గా ఉన్నాకే తెలుగు మార్పిడి చేసి చూడండి. పదిలో ఏడు మాటలు తిన్నగా రాకపోతే ఆ కలం టైపు చేసిపెడుతుందనే ఆశ వదులుకుని, రాతనూ ధ్వనినీ దాచే పెట్టెగా అది మీకు చాలునా అని ఆలోచించుకోండి. చాలదనిపిస్తే పెట్టె, బిల్లు, రాయని ఆ మిగతా చుక్కల పుస్తకం జాగ్రత్తగా అట్టేపెట్టండి, మర్నాడే వెనక్కి పంపొచ్చు.